కార్డు వయసు, కడుపు వయసు

మా వాడ సంఘం ఏటేటా అచ్చువేసే చిన్న పుస్తకంలో, మనవాళ్ళలో పైకొచ్చిన ఒకరి జీవితం రాసే పని నాదే. రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అని కాదు. రాసినదాన్ని అందరిచేతా ఒప్పించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే అని. ఇటుకలు మోసి ఇళ్ళ కాంట్రాక్టుదాకా ఎదిగిన మేస్త్రి గురించి రాశాను. కుట్టుమిషన్ల షాపు పెట్టిన అక్కచెల్లెళ్ళ గురించి రాశాను. నా గురించి నేను రాసుకోలేదు గాని, సందర్భం వచ్చింది కాబట్టి చెబుతాను. ఊరిబళ్ళో ఐదో తరగతి వరకు చదివినవాణ్ణి. పంతులుగారు బెత్తంతో నేర్పిన ఆ ఐదు తరగతులతోనే, దేశం విడిచి వచ్చిన ఇన్ని కుటుంబాలకు పెద్దదిక్కుగా నిలబడ్డాను. రేకుల షెడ్లకు కుళాయి తెప్పించింది నేను. పెద్దరోడ్డు మీద బస్సు ఆగేలా చేసింది నేను. పిల్లలకు రెండు గదుల బడి, పోయినవాళ్ళకు ఆరడుగుల నేల, రెండూ నేను అడిగితేనే వచ్చాయి. అడగందే అమ్మైనా పెట్టదు. అడగడానికి నేను ఏనాడూ సిగ్గుపడలేదు.

ఒక్కటి మాత్రం తేలేకపోయాను. మా వాడ నుంచి కాలేజీ మెట్టెక్కినవాళ్ళను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళే ఎక్కువ. తెలివిలేక కాదు. ఎందుకో చెప్పాలంటే పరుపుల డాక్టరు గురించి చెప్పాలి. ఈసారి ఆమె గురించే రాస్తానంటే సంఘంలో కుర్రాళ్ళు, “పైకి రాని మనిషి గురించి ఎందుకు తాతా?” అన్నారు. చదివాక మీరే చెప్పండిరా అన్నాను.

పరుపుల డాక్టరు అన్నది వాడ పెట్టిన పేరు. ఆమె పని పరుపుల కార్ఖానాలో, దూది ఏకే మిషన్ దగ్గర. చదివింది పశువైద్యం. అవతల, మా దేశంలో, రెండేళ్ళు చదివింది. మూడో ఏడు మొదలయ్యేలోపే మా ఊళ్ళు తగలబడ్డాయి. వాళ్ళమ్మ నాకు వరసకు చెల్లెలు. ఆవిడ ఊరికీ మా ఊరికీ మధ్య ఒక వాగు, అంతే. ఆవిడ నన్ను అన్నయ్యా అంటుంది, పిల్ల మావయ్యా అంటుంది.

సరిహద్దు దాటాక మమ్మల్నందరినీ ఒక బయలులో వరసగా నిలబెట్టారు. వరస చివర ఒక బల్ల, బల్ల వెనక ఒక గుమాస్తా. పేరు, వయసు, ఎవరికెవరు ఏమవుతారు, అవి అడిగి కార్డు రాసిస్తున్నాడు. ఎండలో కాళ్ళు లాగుతున్నాయి. అప్పుడు వరస ముందు నుంచి ఒక మాట వెనక్కి పాకింది. పద్దెనిమిది దాటిన పెళ్ళికాని పిల్లల్ని వేరే లారీ ఎక్కిస్తున్నారట, వేరే చోటికి పంపుతున్నారట. ఆ మాట ఎవరి నోట పుట్టిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. నా దగ్గరకు వచ్చేసరికి అది మాటలా లేదు, ఆజ్ఞలా ఉంది.

మా చెల్లెలు వెంటనే కూతుర్ని కింద కూర్చోబెట్టి ముడి విప్పేసింది. తన కొంగు అంచు పర్రున చింపి, రెండు జడలు వేసి, కొసలకు ఆ పీలికలు కట్టింది.

“అమ్మా, ఏంటిది? నాకు పందొమ్మిది.”

“నోర్ముయ్. నీకెంతో నాకు తెలీదా? కన్నదాన్ని నేను.”

బల్ల దగ్గరకు చేరారు. గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. “అమ్మాయి వయసు?”

“పదహారు బాబూ.”

అతను తలెత్తాడు. ఇంకా ఎత్తాడు. పిల్ల అంత పొడుగు మరి. “పదహారేనా?”

“వాళ్ళ నాన్న తాడిచెట్టు బాబూ. ఆ వంశమే అంత. ఎండకు నీడ పడుతుంది కదా అని చేసుకున్నా.”

గుమాస్తా పగలబడి నవ్వి, పదహారని రాసేశాడు. అవ్వ అరవై, తల్లి నలభై, కూతురు పదహారు, కొడుకు తొమ్మిది. తండ్రి సరిహద్దు దాటి రాలేదు. నలుగురికీ కలిపి ఒకటే కార్డు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. మా చెల్లెలు ఆడింది ఎంత బాగా అతికిందంటే, తర్వాత దాన్ని ఊడదీయడానికి ఒక జీవితం పట్టింది.

ఆ రోజు వేరే లారీ ఏదీ రాలేదు. నిజం చెప్పినవాళ్ళూ, అబద్ధం చెప్పినవాళ్ళూ ఒకే షెడ్డులో పడుకున్నారు.

అప్పటి నుంచి మా వాడలో చాలామందికి రెండు వయసులు. ఒకటి కార్డు వయసు, ఒకటి కడుపు వయసు. ఒకాయన కార్డు ప్రకారం తన తమ్ముడికంటే చిన్నవాడు. ఆ తమ్ముడు, “ఒరే చిన్నోడా, మంచినీళ్ళు తేరా” అని అన్ననే పిలుస్తుంటే అందరం నవ్వేవాళ్ళం. ఎవరికైనా మోకాళ్ళ నొప్పులంటే, “ఏ వయసులో నొప్పి?” అని అడిగేవాళ్ళం. నవ్వులాటే అనుకున్నాం.

పరుపుల కార్ఖానాలో పని చూసినవాళ్ళకు తెలుస్తుంది, అక్కడ గాల్లో ఎగిరేదంతా దూదే. కిటికీ చువ్వలకు, దీపం తీగెకు, మనుషుల కనురెప్పలకు అంటుకుని ఉంటుంది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ పిల్ల పాతదూదిని మిషన్లోకి తోస్తుంటే, అవతల నుంచి మబ్బులా పొంగి వచ్చేది. తల్లి ఆ పక్కనే చాపమీద కూర్చుని, జానెడు సూదితో పరుపులకు కుచ్చులు వేసేది. సాయంత్రానికి పిల్ల జుట్టంతా తెల్లగా అయ్యేది. కార్ఖానా మేస్త్రి నోరు ఊరుకోదు. “కార్డులో పదహారు, కార్ఖానాలో అరవై. ఇంతకీ నీకు సంబంధం ఏ వయసుకు చూడాలమ్మా?” అనేవాడు.

“నా చదువు ఆగిపోయిన వయసుకు చూడు బాబాయ్. నేనింకా అక్కడే ఉన్నా” అనేది.

ఆ మాట సరదాకి అన్నది కాదు. ఒకసారి పక్క షెడ్డు ముసలమ్మ మేకకు కడుపుబ్బింది. “డాక్టరమ్మా, ఏదో ఒకటి పట్టవే” అని ముసలమ్మ దాన్ని ఈడ్చుకొచ్చింది. పిల్ల మేక పొట్ట మీద చెయ్యి వేసి, తీసేసింది.

“నాకు సగమే తెలుసు అవ్వా. దీని జబ్బు ఆ సగంలో ఉందో, మిగతా సగంలో ఉందో తెలీదు. సగం చదువుతో మందు పట్టకూడదు.”

తోపుడుబండి తెచ్చి, మేకను ఎక్కించి, పశువుల ఆసుపత్రికి తనే తోసుకుపోయింది. దారిలోనే అది పోయింది. “డాక్టరట డాక్టరు! దూది మాత్రం బాగా ఏకుతుంది” అని ముసలమ్మ వాడంతా వినిపించేలా తిట్టింది. మర్నాడు పిల్ల నాతో, “మావయ్యా, ఇంకో మూడేళ్ళు చదివుంటే అది బతికేదో లేదో కనీసం తెలిసేది కదా” అంది. బతికించేదాన్ని అనలేదు. తెలిసేది అంది. ఆ పిల్లలో నాకు నచ్చిందే అది.

వచ్చిన నాలుగో ఏడు, మాలాంటివాళ్ళకు సాయం చేసే సంస్థ నుంచి ఒకావిడ వచ్చింది. కార్ఖానా వసారాలో నిలబడి, దూదికి తుమ్ముతూనే చెప్పింది. నగరంలోని పశువైద్య కాలేజీ మావాళ్ళకు కొన్ని సీట్లు కేటాయించిందట. అవతల చదివిన చదువును లెక్కలోకి తీసుకుంటారట. పరీక్ష పాసైతే నేరుగా మూడో ఏట చేర్చుకుంటారట.

అప్పటి నుంచి ఆ పిల్ల తెల్లారగట్ల లేచేది. కుళాయి దగ్గర బిందె నిండేలోపు నాలుగు పేజీలు, మిషన్ ఆపి నూనె వేసేలోపు రెండు పేజీలు. భాష వేరు, జబ్బుల పేర్లు వేరు. తల్లి కుచ్చులు వేస్తూ, “ఆవుకు నాలుగు పొట్టలా! మనకు ఒక్కటే ఉంది, అదే నిండట్లేదు” అనేది. పిల్ల నవ్వేది, మళ్ళీ పుస్తకంలో పడేది. పరీక్షలో పాసైంది. మామూలుగా కాదు, మావాళ్ళకిచ్చిన సీట్లలో మొదటి సీటు ఆమెదే. ఆ కబురు వాడలో ముందు చెప్పింది నేనే.

చేరే రోజు నేను కూడా వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. కాలేజీ ఆఫీసులో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ, నెమ్మదస్తురాలు, మా కాగితాలు రెండు మూడుసార్లు తిరగేసింది.

“అమ్మాయ్, నీ కార్డు ప్రకారం నీకిప్పుడు ఇరవై. ఈ సర్టిఫికెట్టు ప్రకారం నువ్వు బడి చదువు ముగించి ఆరేళ్ళయింది. అంటే పద్నాలుగేళ్ళకే కాలేజీలో చేరావా?”

ఆవిడ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

“ఈ కార్డు నీదైతే ఈ సర్టిఫికెట్టు నీది కాదు. సర్టిఫికెట్టు నీదైతే కార్డు నీది కాదు. నేను దేన్ని తీసుకోను?”

నేను ముందుకొచ్చాను. “అమ్మా, నేను ఆ వాడకు పెద్దను. కుళాయి తెప్పించింది నేను, బస్సు తెప్పించింది నేను. ఈ పిల్ల పుట్టినప్పుడు వాళ్ళ నాన్న వాగు దాటి వచ్చి మరీ మా ఊళ్ళో చెప్పాడు. చదువు తనదే, వయసే...”

“మీరు చెప్పేది నేను నమ్ముతాను పెద్దాయనా. కాని నా నమ్మకాన్ని ఫైల్లో పెట్టలేను కదా. కార్డు సరిచేయించుకుని రండి. కొన్నాళ్ళు సీటు ఆపుతాను.”

కార్డులిచ్చే ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ చెప్పింది ఇదీ. వయసు మార్చాలంటే, ఆనాడు చెప్పింది అబద్ధమని చెప్పినవాళ్ళే ఒప్పుకోవాలి. అప్పుడు కార్డు మొత్తం మళ్ళీ విచారణకు వెళ్తుంది. తప్పు చెప్పినవాళ్ళను ఉండనివ్వాలా వద్దా అనేది పైవాళ్ళు తేలుస్తారు. ఆ కార్డు మీదే అవ్వకు ఆసుపత్రిలో మందులు. ఆ కార్డు మీదే తమ్ముడి బడి.

ఆ సాయంత్రం వాళ్ళ గదిలో కూర్చున్నాం. పది అడుగుల గది. మూలన అవ్వ మంచం, గోడకు కొడుకు పుస్తకాల సంచి.

“నేను చెప్తాను. అబద్ధమాడింది నేను కదా” అంది మా చెల్లెలు.

“చెప్పి? కార్డు పోతే అవ్వ మందులు ఎవరిస్తారు?” అంది పిల్ల.

“పోదులే.”

“పోదని ఎవరన్నారు? ఆ రోజు లారీ వస్తుందని చెప్పినవాళ్ళేనా?”

తల్లి దెబ్బతిన్నట్టు చూసింది. పిల్ల కూడా నాలుక కరుచుకుంది. కొంచెం సేపటికి, “నేను వెళ్ళనమ్మా. దూదిలోనే ఉంటాను. ఇక ఈ మాట వదిలెయ్” అంది.

మంచం మీది అవ్వకు చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి. “నా మందుల కోసం దాని నోట్లో దూది కుక్కుతారటే? నేనింకెన్నాళ్ళుంటాను!” అంది.

“నువ్వూరుకో అవ్వా. నీది కార్డు వయసే అరవై నాలుగు. నీకింకా చాలా టైముంది” అంది పిల్ల. నవ్వొచ్చింది, ఎవరం నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే, కూతురు కార్ఖానాకు పోగానే మా చెల్లెలు నా గుమ్మంలో నిలబడింది. “అన్నయ్యా, చెప్పులేసుకో.” ఎక్కడికని నేను అడగలేదు.

ఆఫీసులో గుమాస్తా అడుగుతుంటే ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడి చెప్పింది.

“ఎందుకు తప్పు చెప్పారు?”

“పిల్లను విడదీస్తారన్నారు బాబూ.”

“ఎవరన్నారు?”

“నా ముందు నిలబడ్డావిడ.”

“ఆవిడకెవరు చెప్పారు?”

“ఆవిడ ముందు నిలబడ్డావిడ.”

అతను కలం పక్కన పెట్టి, ఆవిడ వైపు చూసి, మళ్ళీ తీసి రాసుకున్నాడు. అతను మంచివాడే. అక్కడ నాకు చెడ్డవాళ్ళు ఎవరూ కనబడలేదు. కనబడి ఉంటే తిట్టుకోవడానికైనా పనికొచ్చేవాళ్ళు.

సంగతి తెలిసి పిల్ల మూడు రోజులు తల్లితో మాట్లాడలేదు. నాతో కూడా. నాలుగో రోజు తల్లి పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది. అక్కడితో అలక తీరింది.

కార్డు పోలేదు. అలాగని చేతికీ రాలేదు. విచారణలో ఉందని చిన్న చీటీ ఒకటి ఇచ్చారు. దాన్ని చూపించి అవ్వ మందులు తెచ్చుకోవాలి, గడువు తీరగానే మళ్ళీ కొత్త చీటీకి వరసలో నిలబడాలి. కాలేజీవాళ్ళు అన్నమాట ప్రకారం కొన్నాళ్ళు సీటు ఆపారు. తర్వాత వచ్చే ఏడు చూద్దామన్నారు. వచ్చే ఏడూ విచారణ తెగలేదు. విచారణ చేసే ఆయన బదిలీ అయ్యాడు. కొత్తాయన మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ వరసలో నిలబడ్డావిడ ఎవరో కనుక్కుని రమ్మన్నాడు. ఆవిడ ఎక్కడుందో, ఉందో లేదో! వాడలో నలుగురం వెళ్ళి సాక్ష్యం చెప్పాం. నలుగురిలో ఇద్దరం మా ఇళ్ళలో వయసుల గురించి అడుగుతారేమోనని వణుకుతూనే చెప్పాం.

చివరికి కార్డు వచ్చింది. ఎవరికీ శిక్ష పడలేదు. కూతురి ఎదురుగా నిజమైన వయసు, ఇరవై ఆరు. మా చెల్లెలు కార్ఖానాలో అందరికీ టీ పోయించింది. మేస్త్రి, “ఒక్క రాత్రిలో మూడేళ్ళు పెరిగావు, ఏం తింటున్నావమ్మా?” అన్నాడు. పిల్ల కడుపారా నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూడటం అదే ఆఖరు.

మర్నాడే కాలేజీకి వెళ్ళాం. కళ్ళజోడు ఆవిడ లేదు, ఆవిడ చోట ఒక యువకుడు ఉన్నాడు. కాగితాలన్నీ చూసి, అన్నీ సరిపోయాయన్నాడు. తర్వాత ఇంకో కాగితం తీసి చదివాడు. మూడో ఏట చేరేవాళ్ళకు ఇరవై ఐదు దాటకూడదు.

“ఏడాది తేడాకే?” అన్నాను.

“ఏడాదైనా నెలైనా అంతేనండి. పాత కార్డు ఉంటే సరిపోయేది, దాని ప్రకారం ఈమెకు ఇరవై మూడే.”

ఆ మాట ఎంత లోతుగా తగులుతుందో అతనికి తెలియదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాం. తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు మా పక్కనుంచే దిగిపోతున్నారు. ఒకమ్మాయి చేతిలో పాలసీసా, వెనకే ఒక గొర్రెపిల్ల. పిల్ల దాన్నే చూస్తూ, “మావయ్యా, అబద్ధంలో ఉన్నన్నాళ్ళూ చిన్నదాన్ని. నిజంలోకి వచ్చేసరికి ముసలిదాన్నయ్యాను” అంది.

రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో నాకు ఆ మెట్ల మీద తెలిసింది.

నేను ఊరుకోలేదు. ప్రిన్సిపాలుగారి దగ్గరకు వెళ్ళాను. కూర్చోబెట్టి టీ ఇప్పించి, వయసు నిబంధన తన చేతిలో లేదని, పై సభ ముందు పెడతానని అన్నారు. ఇప్పటికీ పెడుతూనే ఉన్నారు. కుళాయి అడిగినప్పుడు ఎవరిని అడగాలో నాకు తెలుసు, గొట్టం ఎక్కడి నుంచి రావాలో తెలుసు. చదువు విషయంలో అడగాల్సిన మనిషి ఏ గదిలో కూర్చుంటాడో ఇంతవరకు నాకు దొరకలేదు. ఈ పుస్తకం మా వాడ దాటి కూడా వెళ్తుందంటారు. ఆ గదిలో కూర్చునేవాళ్ళెవరైనా చదివితే ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళు ఆ మొదటి రోజు బల్ల ముందు భయంతో మాట్లాడతారు. ఆ భయాన్ని పిల్లల చదువు మీద గీటుగా గీయకండి. వాళ్ళు పారిపోతూ, వరసల్లో నిలబడుతూ పోగొట్టుకున్న ఏళ్ళను వయసులోంచి మినహాయిస్తే మీ కాలేజీకి ఏమీ తరగదు.

ఆ తర్వాత సంస్థ ఆవిడ మళ్ళీ వచ్చింది. అదే కాలేజీలో పశువుల కొట్టం పనివాళ్ళకు ఆరు నెలల శిక్షణ ఉందని, దానికి వయసు పట్టింపు లేదని చెప్పింది. తల్లి వెళ్ళమంది. నేనూ వెళ్ళమన్నాను. పిల్ల బాగా ఆలోచించే చెప్పింది.

“అది తక్కువ పనని కాదు మావయ్యా. ఆ గేటులోంచి ఇంకో పనికి లోపలికి వెళ్ళడం నావల్ల కాదు.”

మేము మళ్ళీ అడగలేదు. అవ్వ పోయింది. తమ్ముడు వడ్రంగం నేర్చుకున్నాడు. తల్లి చూపు తగ్గి కుచ్చులు మానేసింది. ఒకసారి నాతో అంది: “దాని వయసు దానికి తిరిగిచ్చాను అన్నయ్యా. చదువు ఇవ్వలేకపోయాను.” నేనేదో సర్దిచెప్పబోయాను. ఆవిడ వినకుండా లేచి వెళ్ళి పొయ్యి ముట్టించింది.

పరుపుల డాక్టరుకు ఇప్పుడు ముప్పై. అదే కార్ఖానా, అదే మిషన్. సెలవు రోజుల్లో మాత్రం ఇంటింటికీ తిరుగుతుంది. బడికెళ్ళే పిల్లలున్న తల్లుల్ని పట్టుకుని, వయసు తప్పుంటే ఇప్పుడే చెప్పి దిద్దించుకోండి, కాలేజీదాకా ఆగకండి అంటుంది. నేను తోడు వెళ్తాను. తలుపులు తీసేవాళ్ళు తక్కువ.

మొన్న బట్టలు ఇస్త్రీ చేసే ఆమె గుమ్మంలో నిలబడ్డాం. ఆమె కూతురు పదో తరగతి. తెలివైన పిల్ల, కార్డులో రెండేళ్ళు తక్కువ.

“చెప్తే కార్డు పోతే?” అంది ఆమె, ఇస్త్రీపెట్టె ఆపకుండానే.

“మాది పోలేదక్కా.”

“పోలేదు సరే. మరి నీకేమొచ్చింది?”

“నాది ఆలస్యమైంది. మీ పిల్లకు ఇంకా టైముంది. రేపు పొద్దున ఎనిమిదింటికి కార్డుల ఆఫీసుకు బస్సు. నేనూ మావయ్యా రోడ్డు మీద ఉంటాం. రా అక్కా” అంది పరుపుల డాక్టరు.

వెళ్ళి నిలబడ్డాం. బస్సు వచ్చింది, ఆగింది. డ్రైవరు నాకు తెలిసినవాడే, కొంచెం సేపు ఆపాడు కూడా. ఇస్త్రీ ఆమె రాలేదు. బస్సు వెళ్ళిపోయాక ఇద్దరం వాడవైపు నడిచాం. కార్ఖానాకు టైమవుతోందని పరుపుల డాక్టరు నాకంటే ముందు నడిచింది.